నరం నొప్పితో డ్యూటీ: ఊపిరి ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

నరాల నొప్పితో ఉద్యోగం చేసేవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. "టెన్షన్ తగ్గించుకో, పొద్దున్నే లేచి ప్రాణాయామం చెయ్యి, అదే పోతుంది" అని పక్క సీటాయన అంటాడు, మేనేజర్ అంటాడు, పెళ్లి భోజనాల దగ్గర కలిసిన బాబాయి అంటాడు. ఇందులో సగం నిజం. టెన్షన్ తగ్గితే నొప్పిని భరించడం తేలికవుతుంది. "అదే పోతుంది" అన్నది మాత్రం అబద్ధం. ఆ మాట నమ్మి మందులు మానేసేవాళ్లున్నారు. నెల రోజులు చేసినా పోలేదని, లోపం తమలోనే ఉందని కుంగిపోయేవాళ్లూ ఉన్నారు. డిస్కు కింద నొక్కుకుపోయిన నరాన్ని, షుగర్ దెబ్బతీసిన నరాన్ని ఊపిరి బాగుచెయ్యదు. నొప్పిలో అసలు నరానిది, వడ్డీ ఒత్తిడిది. ఊపిరితో తగ్గేది ఆ వడ్డీయే. రోజూ డ్యూటీకి వెళ్లాల్సిన మనిషిని ముంచేది చాలాసార్లు ఆ వడ్డీయే కాబట్టి దాన్ని తగ్గించుకునే పద్ధతి నేర్చుకోవాలి.

ముందు నొప్పి సంగతి. కాలు బెణికితే వచ్చే నొప్పి వేరు, నరమే దెబ్బతింటే వచ్చేది వేరు. షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. నడుము దగ్గర నరం నొక్కుకుంటే పిరుదు నుంచి పిక్క దాకా లాగే సయాటికా. మెడ దగ్గర నొక్కుకుంటే భుజం నుంచి వేళ్లలోకి జివ్వుమనే పోటు. మణికట్టు దగ్గరైతే అర్ధరాత్రి లేపి చెయ్యి విదిలించుకునేలా చేసే తిమ్మిరి. టైలర్లకు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఇది బాగా తెలుసు. సర్పి మానిపోయాక కూడా కొందరికి చొక్కా తగిలితేనే ఒళ్లు భగ్గుమంటుంది. ముఖంలో కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియా ఉన్నవాళ్లు పళ్లు తోముకోవడానికే భయపడతారు. బీ12 లోపం, మద్యం, కుష్ఠు, కొన్ని క్యాన్సర్ మందులు కూడా నరాలను దెబ్బతీస్తాయి. నొప్పి మూడు నెలలు దాటి ఉంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పి కింద లెక్కేస్తారు.

ఇవేవీ పైకి కనిపించవు. కట్టు ఉండదు, వాపు ఉండదు. పొద్దున బాగానే నడిచిన మనిషి మధ్యాహ్నానికి కుంటుతుంటే చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. ఆ చూపు కూడా ఒక ఒత్తిడే.

ఒత్తిడికీ నొప్పికీ ఉన్న లంకె ఎవరో ఊహించి చెప్పింది కాదు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఒంట్లోంచి బయల్దేరిన నొప్పి కబురు ఉన్నదున్నట్టు మెదడుకు చేరదని, వెన్నుపాములో దానికి ఒక గేటు ఉందని, పైనుంచి మెదడు ఆ గేటును తెరవగలదు, మూయగలదు అని వాళ్లు చెప్పారు. వివరాలు తర్వాత చాలా మారాయి గానీ మూల విషయం నిలబడింది. మనిషి భయంలో, ఆందోళనలో ఉన్నప్పుడు అంతే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. దీనికి తోడు ఒత్తిడిలో దవడ, మెడ, నడుము కండరాలు బిగుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ బిగుపు సాయంత్రం ఇంటికెళ్లి స్నానం చేస్తే వదులుతుంది. ఇప్పటికే నరం ఇరుకున పడ్డవాళ్లకు అది ఇంకో పోటు తెస్తుంది. పోటుతో భయం, భయంతో ఇంకా బిగుపు, రాత్రికి నిద్ర లేదు, నిద్ర లేని మర్నాడు నిన్నటి నొప్పే రెండింతలు. నెలాఖరులో టార్గెట్ల మీద రివ్యూ కాల్ ఉన్న రోజు కాలు ఎక్కువ లాగుతోందంటే మీరు నటిస్తున్నట్టు కాదు, పిరికివాళ్లూ కాదు.

ఈ చక్రంలో గుండె వేగాన్ని, చెమటను, అడ్రినలిన్‌ను మనం ఆజ్ఞాపించి ఆపలేం. ఊపిరిని ఆపగలం, నడపగలం. దానంతటదే నడుస్తూ, మన చేతికి కూడా లొంగే పని ఒంట్లో ఇలాంటిది అరుదు. అందుకే ఇంత చర్చ దీని చుట్టూ.

పద్ధతి చిన్నది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. నొప్పిలో ఉన్నవాళ్లు పైపైన, ఛాతీతో, తొందరగా తీస్తారు, మధ్యమధ్యలో తెలియకుండానే బిగబడతారు. దీన్ని నిమిషానికి ఆరుకు దించాలి. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెట్టేదాకా బయటికి. పీల్చేటప్పుడు ఛాతీ కంటే పొట్ట ఎక్కువ కదలాలి. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే తెలిసిపోతుంది. నాలుగు, ఆరు కష్టమైతే మూడు, నాలుగుతో మొదలెట్టండి. వదిలే ఊపిరి పీల్చేదాని కంటే పొడుగ్గా ఉండటమే ముఖ్యం. ఎందుకో తెలుసుకోవాలంటే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. పీల్చినప్పుడు గుండె కొంచెం వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నిదానిస్తుంది. గుండెను నిదానింపజేసే వేగస్ నరం ఊపిరి వదిలేటప్పుడు గట్టిగా పనిచేస్తుంది. వయసు పైబడినవాళ్లకు, షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్లకు ఈ తేడా తెలియకపోవచ్చు. నిజానికి షుగర్ వల్ల గుండెకు వెళ్లే నరాలు దెబ్బతిన్నాయేమో చూడటానికి ఆసుపత్రుల్లో చేసే పరీక్షల్లో ఒకటి ఇదే: నిమిషానికి ఆరు చొప్పున ఊపిరి తీయించి ఈసీజీలో గుండె వేగం ఎంత మారుతోందో చూస్తారు.

లెక్కపెట్టడం చిరాకైతే జపం చేసుకోండి. నేనిది భక్తి కోసం చెప్పడం లేదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో రోజరీ ప్రార్థన, ఒక బౌద్ధ మంత్రం చదివించి చూస్తే, రెండు సందర్భాల్లోనూ ఊపిరి దాదాపు నిమిషానికి ఆరుకు దిగింది. తస్బీహ్ తిప్పే చేతికీ రుద్రాక్షలు తిప్పే చేతికీ ఇదే వర్తించవచ్చు, చదివేది నిదానంగా ఉంటే.

ఇక ఎక్కువమంది చేసే తప్పు. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అనగానే ఛాతీ నిండా లాగి, వదిలి, మళ్లీ లాగుతారు. అలా వేగంగా, లోతుగా తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అప్పుడు వేళ్లలో, పెదాల చుట్టూ తిమ్మిర్లు పడతాయి, తల తేలిపోతుంది. మామూలు మనిషి దీన్ని పట్టించుకోడు. నరాల జబ్బు ఉన్న మనిషి మాత్రం జబ్బు ముదిరిందని హడలిపోతాడు, ఆ భయంతో ఇంకా వేగంగా పీలుస్తాడు. ఊపిరి కసరత్తు చేస్తుంటే తిమ్మిర్లు పెరిగాయంటే నరం కంటే ముందు ఊపిరి వేగాన్ని అనుమానించండి. ఆపి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగపు ప్రాణాయామాలు ఈ కారణంగానే ఇక్కడ పనికిరావు. నడుము డిస్కు సమస్య ఉన్నవాళ్లకు కడుపును అలా ఎగరేయడం ఇంకా ఇబ్బంది. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, గ్లకోమా ఉన్నవాళ్లు, గర్భిణులు వాటి జోలికి వెళ్లకూడదు. ఊపిరి బిగబట్టే కుంభకం కూడా గుండె జబ్బువాళ్లు డాక్టర్ని అడగకుండా చెయ్యొద్దు.

ఎలా కూర్చోవాలన్నదాని మీద మన దగ్గర అక్కర్లేని పట్టింపు ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి చేస్తేనే ఫలం అనుకుంటారు. సయాటికా ఉన్నవాళ్లకు ఆ కూర్చోవడమే నొప్పి. షుగర్ తిమ్మిర్లు ఉన్నవాళ్లకు కాళ్లు మడిచి కూర్చుంటే మోకాలి పక్కన పోయే నరం ఇంకా నొక్కుకుంటుంది. కుర్చీలో, పాదాలు నేలకానించి చేయండి. అదీ కష్టమైతే వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. ముఖంలో షాకులు వచ్చేవాళ్లు అనులోమ విలోమంలో ముక్కు పట్టుకోవడం మానాలి. ఆ స్పర్శే నొప్పిని రేపవచ్చు. భ్రామరిలో తుమ్మెద నాదం చేసేటప్పుడు వచ్చే కంపనం కూడా కొందరికి పడదు. మిగతావాళ్లకు మాత్రం భ్రామరి మంచిది, నాదం తీస్తున్నంతసేపూ ఊపిరి దానంతటదే పొడుగ్గా బయటికి పోతుంది. ఊపిరి మీద ధ్యాస పెడితే గుండెదడ ఎక్కువయ్యేవాళ్లు కొందరుంటారు. వాళ్లు బలవంతం చేసుకోవాల్సిన పనిలేదు. నెమ్మదిగా నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకోవచ్చు.

దీనికి రోజుకు పది నిమిషాల చొప్పున రెండు పూటలు కేటాయిస్తే చాలు. నొప్పి నొప్పిగా తగ్గడం మొదట కనిపించదు. నిద్ర పట్టే సమయం, ఇంట్లో విసుక్కునే తీరు, ఈ రెండింటిలో ముందు తేడా చూడండి. 2016లో జామా పత్రిక అమెరికాలో 342 మంది దీర్ఘకాలిక నడుమునొప్పి రోగుల మీద జరిగిన అధ్యయనం ఒకటి ప్రచురించింది. వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు, ఊపిరి మీద ధ్యాస, తేలిక యోగా నేర్చుకున్నవాళ్లు మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్ల కంటే మెరుగయ్యారు. అది నరాల నొప్పి మీద చేసిన అధ్యయనం కాదు, మెరుగు కూడా మోస్తరే. ఇంతకు మించి ఎవరైనా మాటిస్తే నమ్మకండి, ముఖ్యంగా ఫీజు తీసుకుని మాటిచ్చేవాళ్లను.

పది నిమిషాల సాధన ఇంట్లో. ఆఫీసులో కావాల్సింది ఒకటి రెండు నిమిషాల వాడకం. ఇక్కడ నా పట్టింపు ఒకటుంది: నొప్పి తారస్థాయికి చేరాక మొదలెట్టకండి. అప్పటికి ఆలస్యమైపోతుంది, "చేశాను, పనిచెయ్యలేదు" అన్న నిరాశ మిగులుతుంది. మీ రోజులో ఒళ్లు బిగుసుకునే సమయాలు మీకు తెలుసు. బ్యాంకు కౌంటర్ తెరవడానికి ముందు రెండు నిమిషాలు. రివ్యూ కాల్‌లో మీ పేరు పిలిచేలోగా, మైక్ మ్యూట్‌లో పెట్టి ఆరు ఊపిరులు. టీచరైతే పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య వరండాలో. షోరూమ్‌లో చీరలు పరిచి చూపించే అమ్మాయి, ఒక కస్టమర్ వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు చీరలు మడతపెడుతూనే చేసుకోవచ్చు. కళ్లు మూసుకోనక్కర్లేదు, ఎవరికీ తెలియనక్కర్లేదు. బస్సు, లారీ, ఆటో నడిపేవాళ్లు మాత్రం స్టీరింగ్ చేతిలో ఉండగా చెయ్యొద్దు. స్టాండ్‌లో, డిపోలో, బండి ఆపాకే. ఊపిరి వదిలేటప్పుడు దవడ వదులు చేయండి, చెవుల దాకా లేచిన భుజాలను కిందికి దించండి. రాత్రి షిఫ్టులో పనిచేసేవాళ్లు పొద్దున ఇంటికొచ్చి పడుకునే ముందు పది నిమిషాలు చేస్తే, డ్యూటీ హడావుడి దిగి నిద్రకు దారి దొరుకుతుంది.

ఊపిరితో పాటు మేలు చేసేది ఇంకొకటుంది. బాగున్న రోజు ఒళ్లు దాచుకోవడం. నొప్పి తక్కువగా ఉన్న రోజు మిగిలిపోయిన పనులన్నీ మీదేసుకుని, ఆ తర్వాత రెండు రోజులు మంచం పట్టడం ఈ జబ్బు ఉన్న చాలామందికి అలవాటే. పనిని నొప్పితో కొలవకండి, గడియారంతో కొలవండి. మీరు నలభై నిమిషాలు కూర్చున్నాక నొప్పి మొదలవుతుందని తెలిస్తే ముప్పై నిమిషాలకే లేవండి, బాగున్న రోజు కూడా. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. లేచినప్పుడు నీళ్లు తాగండి, నాలుగడుగులు వేయండి, ఆరు ఊపిరులు తీయండి. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్లు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేవకండి, బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు.

మందుల గురించి రెండు మాటలు, ఎందుకంటే అవి పనిని నేరుగా తాకుతాయి. నరాల నొప్పికి పారాసెటమాల్ లాంటి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచెయ్యవు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ లాంటివి రాస్తారు, ముఖం నొప్పికి కార్బమజెపిన్. అమిట్రిప్టిలిన్ పేరు ఫోన్‌లో వెతికి, డిప్రెషన్ మందని చూసి, "నాకు పిచ్చి అనుకుంటున్నాడా డాక్టర్" అని మానేసేవాళ్లు చాలామంది. నరాల నొప్పికి అదే మందును తక్కువ మోతాదులో వాడతారు. ఈ మందులు మొదలెట్టిన కొత్తలో, మోతాదు పెంచినప్పుడు మగత, తల తిరుగుడు ఉంటాయి. మిషన్ మీద, వాహనం మీద, ఎత్తు మీద పనిచేసేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. మద్యంతో కలిస్తే ఈ మగత ప్రమాదకరమవుతుంది. ఈ మందులను హఠాత్తుగా మానెయ్యకూడదు. ఊళ్లలో "నరాల బలానికి" అంటూ వరసపెట్టి పొడిచే విటమిన్ ఇంజెక్షన్ల మీద మోజు తగ్గించుకోండి. బీ12 లోపం ఉందని పరీక్షలో తేలితే అది అవసరమే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గవచ్చు కూడా, అడిగి పరీక్ష చేయించుకోండి. కానీ అలాంటి ఇంజెక్షన్లలో ఉండే బీ6 మోతాదు మించితే అదే నరాలను దెబ్బతీస్తుంది.

పై అధికారితో మాట్లాడటం ఎక్కువమంది వాయిదా వేసే పని. దాచిపెట్టడం ఖరీదైన వ్యవహారం: నొప్పితో పాటు నొప్పిని కప్పిపుచ్చే శ్రమ కూడా రోజంతా చెయ్యాలి. అయితే బాధంతా చెప్పుకోవడం వల్ల జాలి వస్తుంది, పని జరగదు. ఏం కావాలో తేల్చుకుని వెళ్లండి. "సార్, నాకు నడుము దగ్గర నరం నొక్కుకుని ఉంది, ట్రీట్‌మెంట్ జరుగుతోంది. పని ఆగదు. అరగంటకోసారి రెండు నిమిషాలు లేస్తాను, కౌంటర్ దగ్గర ఎత్తు స్టూల్ కావాలి, బరువులెత్తే పని ఇంకొకరికి మార్చండి. నెల చూసి మళ్లీ మాట్లాడదాం." ఇంతే. తర్వాత అదే విషయం మెయిల్‌లోనో కాగితం మీదనో పెట్టి, డాక్టర్ చీటీ జత చేయండి. ఆ కాగితం రేపు అక్కరకొస్తుంది.

యోగా దినోత్సవం రోజు అందరికీ చాపలు పంచి, మిగతా ఏడాదంతా పన్నెండు గంటలు నిలబెట్టే యజమానులకు ఒక మాట చెప్పాలి. ఊపిరి కసరత్తు కుర్చీకి బదులు కాదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలు సవరించాయి. చట్టం చెప్పేదాకా ఆగకుండా స్టూల్ వేయించిన యజమానికి పోయేదేమీ లేదు.

హక్కుల సంగతి కొంత తెలిసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో దీర్ఘకాలిక నరాల జబ్బుల ప్రస్తావన ఉంది గానీ నొప్పి ఒక్కటే ఉంటే సర్టిఫికెట్ రావడం కష్టం. చెయ్యో కాలో బలహీనపడితే మాత్రం మదింపు చేయించుకోవాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదని, హోదా తగ్గించకూడదని ఆ చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్లకు, చందా షరతులు తీరితే, డాక్టర్ ధ్రువీకరించిన అనారోగ్యపు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం నగదు సాయం వస్తుంది. కార్డు జేబులో పెట్టుకుని, ఈ సంగతి తెలియక జీతం నష్టంతో సెలవు పెట్టేవాళ్లున్నారు. నెలల తరబడి నొప్పితో మనసు చితికిపోయి, బతుకు మీద విరక్తి వస్తే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలెట్టిన టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

చివరగా, ఊపిరితో సర్దుకోకూడని లక్షణాలు ఇవి. మూత్రం, మలం ఆపుకోలేకపోవడం, లేదా మూత్రం రాకపోవడం. తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం. పాదం పైకి లేవక ఈడ్చుకుపోవడం, చేతిలోంచి గ్లాసు జారిపోవడం. ముఖమో, ఒక పక్క చెయ్యీ కాలో హఠాత్తుగా పడిపోవడం. జ్వరంతో, కారణం తెలియని బరువు తగ్గుదలతో వచ్చే నడుము నొప్పి. షుగర్ ఉన్నవాళ్లకు తెలియకుండా పాదానికి పడిన పుండు. మొదటి నాలుగింటిలో ఏది కనిపించినా డ్యూటీ దిగి, అదే రోజు, వీలైతే అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్లండి. మిగతా రెండింటికీ రోజులు గడవనివ్వకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి.